మోటారుపడవ వెలయు, విలువయు

వెల వేఱు, విలువ వేఱు. ఆదోని పత్తివిపణి చెంత పెరిగిన పిల్లవానికి ఈ సంగతి నెవ్వరును బోధింపనక్కఱలేదు. పత్తి కొనవచ్చిన వర్తకుడు రాశిపైని తెల్లగా మెఱయుచున్న దూదిని చూచి ధర పలుకడు. చేతిని మోచేతివఱకు రాశిలోనికి దూర్చి, లోపలినుండి పిడికెడు తీసి, గింజనుండి దూదిని విడదీసి, రెండు బొటనవ్రేళ్ల నడుమ పట్టి మెల్లగా లాగి, పింజ పొడవెంత, తడి యెంత, ఆకునలుసు లెన్ని యని చూచినగాని నోరు విప్పడు. ఎమ్మిగనూరున మగ్గపుటింట పుట్టిన బాలుడు చీరను పైవైపున చూచి మెచ్చుకొనడు. తిరుగవేసి చూచును, వెలుతురునకు అడ్డముగా పట్టి పోగుల యెడము చూచును, కొంగు తడిపి రంగు దిగునేమో చూచును. 1938లో మాచాని సోమప్పగారు ఆ యూర చేనేత సహకార సంఘమును స్థాపించిన నాటినుండి నేటివఱకు అచ్చటి కుటుంబము లనేకము ఈ చూపును నమ్ముకొనియే బ్రదుకుచున్నవి.

ఇట్టి చూపు గల మనవారే పడవ కొనబోయినప్పుడు దానిని ఇంటికడ విడిచి పోవుదురు. నాకు వరుసకు బావ యగు నొకరు కొన్ని యేండ్ల క్రిందట రెండెకరముల పొల మమ్మి, చాలని సొమ్మునకు అప్పు చేసి, ఒక జలాశయమున యాత్రికులను త్రిప్పుటకై సముద్రతీరపు పట్టణమునుండి ఒక మోటారుపడవను తెచ్చిరి. పైకప్పు లేని విలాసపు పడవ. తెల్లని మెత్తని ఆసనములు, అద్దమువలె మెఱయు ప్రక్కలు, వెండిరంగు కమ్ములు, సంగీతపు పెట్టె. కొనుటకు ముందు ఫోటోలు నాకును చూపిరి. నేనును బాగున్న దంటిని. ఆ మాటను తలచుకొన్నప్పుడెల్ల నాకు నేడును సిగ్గగును. ఏడవ నెలలో ఇంజనును మోయుచున్న వెనుకగోడ చివికి విడిపోయి, ఇంజను నీటిపాలయ్యెను. ఒడ్డు దగ్గఱ నుండుటచేత ప్రాణనష్టము కలుగలేదు. అప్పు మాత్రము నిలిచెను.

అప్పటినుండి ఈ విషయమును గూర్చి యోపికతో చదివితిని, అడిగి తెలిసికొంటిని. వేసవిలో బిందె నీటికై కాచుకొను ఊరివారికి మోటారుపడవ పాఠమేల యని కొందఱు నవ్వవచ్చును. కాని మన విద్యార్థులలో కొందఱు చదువు ముగిసిన పిమ్మట హైదరాబాదు, విజయవాడ, దుబాయి మొదలగు చోట్లకు పోవుచున్నారు. హుస్సేన్‌సాగరమున, నాగార్జునసాగరమున, భవానీద్వీపమువద్ద మోటారుపడవ లెక్కని యాత్రికుడు అరుదు. కొనువాడు కాకున్నను ఎక్కువాడు కాక తప్పదు. ఎక్కువానికిని పరీక్షించు నేర్పు అవసరమే.

నాకు మొదటి పాఠము చెప్పినది మన తుంగభద్రయే. నాగలదిన్నె దాపున నది యొడ్డున పుట్టు లల్లు వృద్ధు డొకడు కలడు. పుట్టి యనగా వెదురుబద్దలతో గంపవలె అల్లిన గుండ్రని పడవ. దీనికి పూర్వము తోలు కప్పెడివారు. ఇప్పుడు టార్పాలిను గాని ప్లాస్టిక్కు సంచులుగాని కప్పి తారు పూయుదురు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డోమింగో పాయెస్ అను పోర్చుగీసువాడు, ఆనెగొంది కడ జనులు గంపలవంటి గుండ్రని పడవలలో నది దాటుచున్నారనియు, అవి లోపల బెత్తముతోను వెలుపల తోలుతోను చేయబడినవనియు, పదునైదిరువదిమందిని మోయుననియు, తిన్నగా పోక తిరుగుచునే పోవుననియు వ్రాసి యుంచెను. ఐదువందల యేండ్లు గడచినను ఆ రూపము మాఱలేదు. 2009 అక్టోబరు వరదలో నాగలదిన్నె వంతెన కొట్టుకొనిపోయినప్పుడు ఆ దిక్కువారికి మరల పుట్టియే దిక్కయ్యెను.

ఆ వృద్ధుడు అల్లుట ముగించిన పుట్టిని వెంటనే నీటిలో వేయడు. మొదట దానిని సూర్యున కెదురుగా నిలిపి, తాను లోపలివైపున కూర్చుండి చూచును. సూదిమొనంత వెలుతురు కనబడినచోట వ్రేలితో గుఱుతు పెట్టును. పిమ్మట పుట్టిని రాళ్లమీద నెత్తిపెట్టి, లోపల రెండు కడవల నీరు పోసి, బీడీ కాల్చుకొనుచు క్రిందివైపు చూచును. లోపలి నీరు వెలుపలికి కాఱిన చోటనే వెలుపలి నీరు లోపలికి వచ్చును గదా! "పైన తారు నలుపు సూసి కొనగూడదు సారూ, పుట్టి కడుపులో సెయ్యి పెట్టి సూడాల" అని ఆతడు నాతో ననెను. మోటారుపడవల పరీక్షను గూర్చి తరువాత నేను చదివిన దంతయు ఈ వాక్యమునకు వ్యాఖ్యానముగనే తోచినది.

ఇక అసలు విషయమునకు వత్తము. మన దేశమున నావలను వర్గీకరించు శాస్త్రము క్రొత్తది కాదు. ధారానగర ప్రభువగు భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరు వను సంస్కృత గ్రంథము, గదులు గల నావలను సర్వమందిర, మధ్యమందిర, అగ్రమందిరములని మూడు విధములుగా చెప్పుచున్నది. కలపను బరువునుబట్టియు మెత్తదనమునుబట్టియు నాలుగు జాతులుగా విభజించి, తేలికయై గట్టిగా నుండు కలపయే నావలకు శ్రేష్ఠమనియు, రెండు జాతుల కలపను కలిపి చేసిన నావ మంచిది కాదనియు తీర్పు చెప్పుచున్నది. తేలిక, గట్టిదనము అను నీ రెండు గుణములను ఒక్కచోట చేర్చుటకే నేటి పడవల శిల్పులును పాటుపడుచున్నారు.

గదులు లేక, కూర్చుండువారికి ఆకాశమే కప్పుగా గల విలాసపు మోటారుపడవలకు ఇరువదవ శతాబ్దమున రెండు చోట్ల మిక్కిలి కీర్తి వచ్చినది. అమెరికాలో మిషిగను రాష్ట్రమందలి అల్గొనాక్ ఊరినుండి క్రిస్‌క్రాఫ్ట్ వారి మహోగని పడవలు బయలువెడలెను. ఇటలీలో ఈసియో సరస్సు తీరమున సార్నికో యను చిన్న యూర 1842లో మొదలైన రీవా వారి కర్మశాలలో, కార్లో రీవా (1922–2017) అను నిర్మాత అక్వారామా యను పడవను 1962లో వెలువరించెను. 1996 వఱకు ఆ జాతి పడవలు ఏడువందలకు మించి కట్టబడినవి. నేడు వానిలో చక్కగా కాపాడబడినవి తొలినాటి వెలకు అనేకరెట్లకు అమ్ముడగుచున్నవి. ఇది వింతగా నుండును. ఏలయనగా తక్కిన పడవ లన్నియు ఏటేట వెల కోల్పోవునవే. ఆ పడవ కెందుకు వెల తగ్గలేదు? పేరు కొంత కారణము. కాని పేరు ఊరక రాలేదు. ఏరి యెండబెట్టిన కలప, అతుకు కనబడని కూర్పు, పూతమీద పూతగా వేసి నునుపు చేసిన వార్నీషు, కంటికి కనబడని చోటను కనబడుచోట వలెనే చేసిన పని, ఏ భాగము చెడినను మరల చేయుటకు వీలగు నిర్మాణము, ఇవి ఆ పేరునకు మూలములు.

ఇప్పటి పడవలు తఱచుగా ఫైబరుగ్లాసుతో చేయబడుచున్నవి. గాజునారతో నేసిన బట్టను అచ్చులో పఱచి, రెసి నను జిగట ద్రవముతో తడిపి, పొరమీద పొర వేసి, గట్టిపడిన పిమ్మట అచ్చునుండి తీయుదురు. ఎమ్మిగనూరువారికి ఇది సులభముగా బోధపడును: బట్టయే బలము, రెసిను గంజి మాత్రము. గంజి యెక్కువయైన బట్ట పెళుసుబాఱినట్లే, రెసి నెక్కువయైన పడవ బరువెక్కి పెళుసగును. చేతితో పూసిన పనిలో హెచ్చుతగ్గులు వచ్చును; గాలిని తీసివేసి ఆ ఒత్తిడిచేత రెసినును బట్టలోనికి ఈడ్పించు పద్ధతిలో బట్ట పాలు హెచ్చి, పడవ తేలికయు గట్టిదియు నగును. అమ్మువానిని ఈ రెంటిలో నేది యని తప్పక అడుగవలెను. చెప్పలేనివాడు తెలియక చెప్పడో, తెలిసి చెప్పడో యని కొంచె మాలోచింపవలెను.

పడవను చూచుటకు ఉదయమునగాని సాయంకాలమునగాని పోవలెను. ఏటవాలు వెలుతురులో, అమరమున, అనగా పడవ వెనుకభాగమున నిలిచి, ఒక కన్ను మూసి, ప్రక్కగోడ పొడవున అణియము, అనగా ముందుభాగము వఱకు చూపు సాగింపుడు. దూరపు చెట్టుయొక్క నీడ ఆ నునుపుపై వంకరలు లేక జాఱినచో అచ్చు మంచిదని యర్థము. నడుమ నడుమ నీడ అలలుగా విఱిగినచో లోపలి దూలములు గోడపై ఒత్తుచున్నవనిగాని, దెబ్బతిన్నచోట పూసి కప్పిరనిగాని తెలిసికొనవలెను. కమ్ములు, కొక్కెములు బిగించినచోట సాలెగూటివంటి సన్నని చీలికలు కలవేమో వెదకవలెను. ఒకటి రెండున్న భయము లేదు. ఒకేచోట గుంపుగా నున్నచో అచ్చట గోడ పలుచనై వంగుచున్నది.

తరువాత తట్టి చూడవలెను. చిన్న కొయ్యసుత్తితో, లేదా స్క్రూ త్రిప్పు పనిముట్టుయొక్క ప్లాస్టిక్కు పిడితో, జానెడు జానెడు దూరమున అడుగుభాగమంతయు తట్టుకొనుచు పోవలెను. కుండలు కొను గృహిణి చేయునదే యిది. గట్టిగా అంటియున్న పొరలు 'టక్కు' మని స్పష్టముగా పలుకును. పొరలు విడినచోట, లోపలి కలప తడిసినచోట 'బొద్దు' మని చచ్చిన ధ్వని వచ్చును. అట్టి ధ్వని వచ్చినచోట సుద్దతో గీత గీయుదురు. ఆ గీతలన్నియు కలిపి చూచినప్పుడు రోగమెంతవఱకు వ్యాపించినదో పటమువలె కన్పించును. తడిని కొలుచు మీటరుకూడ కలదు. ఐనను చెవి నేర్చినవానికి సుత్తియే చాలును.

ముఖ్యముగా తట్టవలసినది వెనుకగోడ. బయట తగిలించు ఇంజను బరువంతయు, అది త్రోయు బలమంతయు దానిమీదనే పడును. పెక్కు పడవలలో ఆ గోడ నడుమ ప్లైవుడ్డుండి, దాని కిరువైపుల ఫైబరుగ్లాసుండును. ఇంజను బోల్టులకై తొలిచిన రంధ్రములను సరిగా మూయనిచో వానిగుండ నీరు దిగి, లోపలి కఱ్ఱ సంవత్సరములతరబడి నెమ్మదిగా చివుకును. వెలుపల మాత్రము క్రొత్తగా పూసిన తెలుపు మెఱయుచునే యుండును. బావగారి పడవకు జరిగిన దిదియే. ఇంజనును పైకెత్తి, దాని క్రిందికొసను పట్టుకొని మెల్లగా పైకిని క్రిందికిని ఊపి, గోడ కదలుచున్నదా యని చూచియున్నచో నిమిషములో తెలిసియుండును. రెండెకరముల పొలము ఒక నిమిషపు పరీక్షకు లోబడి యుండె నని యప్పు డెవ్వరికి తెలియును?

ఇక కప్పు లేని పడవకే ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. దీనిని కొంత విరివిగా చెప్పవలసియున్నది. కప్పు గల పడవమీద అల పడిన నీరు కప్పుమీదినుండి జాఱి పోవును. కప్పు లేని పడవలో పడిన నీరు పడవలోనే నిలుచును. వానయు నట్లే. కాబట్టి యీ జాతి పడవయొక్క మేలిమి, వచ్చిన నీటి నెంత త్వరగా బయటికి పంపునను దానిమీద చాలవఱకు ఆధారపడును. పై తరగతి విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. పడవ నేల పది చదరపు మీటర్లనుకొనుడు. దానిపై జానెడుకంటె తక్కువగా, పది సెంటిమీటర్ల నీరు నిలిచిన, అది ఒక ఘనమీటరు. అనగా వేయి కిలోగ్రాములు. డెబ్బది కిలోల మనుష్యులు పదునలుగురు చెప్పక యెక్కినట్లు! అంతేకాదు, మనుష్యులు కూర్చున్నచోట కూర్చుందురు, నీరు కూర్చుండదు. పడవ కొంచె మొఱగినప్పుడు ఆ నీరంతయు ఆ ప్రక్కకే పరుగెత్తి ఇంకను ఒఱగించును. మునుగుటకు ముందు బోల్తాపడుటకు కారణ మిదియే.

కావున మంచి పడవలో నేల నీటిమట్టముకంటె ఎత్తుగా నుండి, వెనుకభాగమున తగినంత పెద్ద నీటిదారు లుండును. ఆ దారుల నోళ్లు ఆకులు, కాగితములు చిక్కుకొని మూసికొనకుండ నుండవలెను. బకెట్టు నీరు తెప్పించి నేలపై క్రుమ్మరించి, ఎన్ని క్షణములలో పోవునో గడియారము పట్టి చూడుడు. అమ్మువాడు నొచ్చుకొన్నచో నొచ్చుకొననిండు. నేల క్రిందికి చేరిన నీటిని తోడు పంపు మీట నొక్కి, అది నిజముగా నీరు చిమ్ముచున్నదో, ఊరక మ్రోగుచున్నదో చూడవలెను. ప్రక్కగోడ నీటిపై నెంతయెత్తున నున్నదో ఖాళీగా నున్నప్పుడును, ఒప్పుకొన్న సంఖ్యలో మనుష్యు లెక్కినప్పుడును కొలువవలెను. గోడల నడుమ తేలుడు పదార్థము నింపబడినదా? నింపబడినచో పడవ నీటితో నిండినను మునిగిపోక, పట్టుకొని వ్రేలాడుటకైన మిగులును.

ఈ పరీక్షలు అధికమని తోచువారు మన రాష్ట్రపు నదులను తలచుకొనవలెను. 2017 నవంబరు 12వ తేదీన కృష్ణాగోదావరుల పవిత్రసంగమముకడ పరిమితికి మించి జనులతో పోవుచున్న విహారపు పడవ బోల్తాపడి ఇరువదిమందికి మించి మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన దేవీపట్నము మండలమున కచ్చులూరు కడ వరద గోదావరిలో రాయల్ వశిష్ఠ యను యాత్రికుల పడవ మునిగినది. డెబ్బదిమందికి పైగా నున్న దానిలో నిరువదియాఱుగురు మాత్రమే బ్రదికి బయటపడిరి. ఇది కప్పు గలది, పెద్దది, అందమైనది. అందము వరదను ఆపలేదు. యంత్రముతో నడచు పడవలను తనిఖీ చేయించి నమోదు చేయింపవలె ననుట 1917 నాటి చట్టమునందే కలదు. ఆ చట్టమునకు బదులుగా 2021లో అంతర్దేశ నౌకల చట్టము వచ్చినది. తనిఖీపత్రము, నమోదుపత్రము, మోయదగిన జనసంఖ్య వ్రాసిన పలక, ఈ మూడును లేని పడవను ఉచితముగా నిచ్చినను తీసికొనరాదు. ఐరోపాలో అమ్ము విహారపు పడవలకు ఎ, బి, సి, డి యను తరగతులు కలవు. వానిలో సి తరగతి పడవ రెండు మీటర్ల అలలకు తగినది. డి తరగతి పడవ ముప్పది సెంటిమీటర్ల అలలకు మాత్రమే తగినది. రెండును ఫోటోలో నొక్కటిగనే యుండును.

అడుగు రూపమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. చదునైన యడుగు నిశ్చలమైన నీటిలో తక్కువ పెట్రోలుతో పోవును గాని అలలలో ఎద్దుబండి రాళ్లబాటపై పోయినట్లు ఎత్తివేయును. లోతైన కోణముగల యడుగు అలను కోయుచు పోవును గాని పెట్రో లెక్కువ త్రాగును, నిలిచియున్నప్పుడు కొంచెము ఊగును. 1960లో మయామీనుండి నస్సావువఱకు జరిగిన పందెమున, రేమండ్ హంట్ అను శిల్పి రూపొందించిన లోతుకోణపు పడవ 'మాపీ' ఘోరమైన సముద్రమున గెలిచినది మొదలు, వేగపు పడవల కా రూపము వాడుక యయ్యెను. మన జలాశయములకు మధ్యరకము చాలును. పందెపు పడవను తెచ్చి చెఱువులో త్రిప్పుట, పందెపు గుఱ్ఱమును గానుగకు కట్టుటయే.

ఇంజనును చూడబోవునప్పుడు ముందుగా దానిపై చేయి వేయుడు. వెచ్చగా నున్నచో, చల్లగా నున్నప్పుడు కదలని యింజనును మీరు రాకముందే కదలించి యుంచిరేమో యని అనుమానింపవలెను. నూనెను చూచు పుల్లను తీసినప్పుడు నూనె పాలు కలిసిన కాఫీరంగుగా నున్నచో లోపల నీరు చేరినది. మఱి మాటలాడక నమస్కారము చేసి రావచ్చును. ఎన్ని యేండ్ల ఇంజను అనుటకంటె ఎన్ని గంటలు నడచినది అనుట ముఖ్యము. ఆశ్చర్యమేమనగా, బొత్తిగా తక్కువ గంటలు నడచినదియు మంచిది కాదు. నడవని యింజనులో తుప్పు చేరును, పెట్రోలు చెడును, రబ్బరు బిగుసుకొనును. ఉప్పునీటిలో తిరిగిన పడవ యైనచో ఇంకొక సంగతి చూడవలెను. లోహపు భాగములను కాపాడుటకై వానికి తగిలించు త్యాగపు బిళ్లలు, తాము కరగి ఇంజనును కాపాడునవి, ఉప్పునీటిలో యశదముతో చేసినవి వాడుదురు. మంచినీటిలో యశదము సరిగా పని చేయదు. మెగ్నీషియపు బిళ్లలు కావలెను. తీరమునుండి తెచ్చిన పడవను బిళ్ల మార్చకయే జలాశయమున విడిచినవారు కొందఱు కలరు.

విలాసమును గూర్చి ఇంతవఱకు చెప్పనైతినని మీరనవచ్చును. చెప్పదగిన దంతగా లేదు. ఆసనపు దిండును త్రిప్పి అడుగున చూడుడు. కుట్టు నూలు ఎండకు చిట్లుచున్నదా, లోపలి స్పంజి నీటిని పట్టియుంచుచున్నదా? ఉక్కు కమ్ములలో మాలిబ్డినము కలిపిన 316 రకము ఉప్పుగాలికి తాళును. చౌకయగు 304 రకము టీరంగు మరకలు వేయును. నేల నిజమైన టేకా, టేకువలె నచ్చు వేసిన రబ్బరా? రబ్బరైనను తప్పు లేదు, టేకు వెల అడుగకున్న చాలును. నా మట్టుకు నేను ఆసనములకంటె ఆసనములక్రింది పెట్టెల మూతలను నమ్మెదను. మూత తెఱచి లోపలివైపు చేయి త్రిప్పినప్పుడు గాజునార ముండ్లు గ్రుచ్చుకొన్నచో, తీగలు కట్టలేని తాళ్లవలె వ్రేలాడుచున్నచో, యజమానికి కనబడని చోట ఆ కర్మశాలవా రెట్లు పనిచేసిరో తెలియును.

వెల కట్టుట యెట్లు? ఇచ్చటి యంకెలు లెక్కకొఱకు మాత్రమే. అట్టి క్రొత్త పడవ పదునైదు లక్షలనుకొందము. అందు ఒడలు ఏడు, ఇంజను ఆఱు, ఉపకరణములు రెండు లక్షలు. ఎనిమిదేండ్ల పాతదానిని తొమ్మిది లక్షలకు ఇత్తు ననుచున్నాడు. ఒడలు దృఢముగా నున్నది గనుక నాలుగు, ఇంజను సగము ఆయుస్సు గడచినది గనుక రెండున్నర, వాడిన ఉపకరణములకు అర. వెరసి ఏడు లక్షలు. వెనుకగోడ తడిసినది, బాగుచేయుటకు ఒకటిన్నర. మిగిలినది ఐదున్నర. వాడు తొమ్మిది చెప్పుట వాని స్వేచ్ఛ, ఐదున్నర యనుట మన లెక్క. మెత్తని ఆసనములకు గాను ఈ రెంటి నడుమనున్న మూడున్నర లక్ష లిచ్చువారే ఎక్కువమంది. ఇదికాక ఏటేట నిలుపుచోటు, భీమా, రంగు, నూనె, మరమ్మతులకై పడవ వెలలో సుమారు పదవవంతు వ్యయమగు నని అనుభవజ్ఞులు చెప్పుదురు. అద్దెకు త్రిప్పువాడు ఈ పదవవంతును ముందుగా తీసివేసి మిగిలినదానినే రాబడి యనుకొనవలెను. బావగారు ఆ వంతును లెక్కలో చేర్చుకొననే లేదు.

కడపట నీటిమీది పరీక్ష. ఎంతమందిని మోయుటకు కొనుచున్నామో అంతమందిని, లేదా అంత బరువుగల ఇసుకబస్తాలను ఎక్కించి నడుపవలెను. ఒక్క సరంగుతో నడచునప్పుడు ప్రతి పడవయు పక్షియే. చుక్కాని చక్రమును వదలినప్పుడు పడవ ఒక ప్రక్కకు లాగుచున్నదా? వేగము హెచ్చినప్పుడు ముక్కు ఎత్తుకొని చాలసేపు ఎదుట కనబడకుండ నున్నదా? వేగమును తటాలున తగ్గించినప్పుడు వెనుకవచ్చు అల వెనుకగోడ దాటి లోపల పడుచున్నదా? మూడవది కప్పు లేని పడవలకు ముఖ్యము, చాలమంది చూడరు.

బావగారు అప్పు తీర్చికొని, మరల ధైర్యము చేసి, చిన్నదియగు నింకొక పడవను చూడబోయినప్పుడు నేనును వెంట పోయితిని. నాగలదిన్నె దాపునుండి ఆ పుట్టివృద్ధునికూడ బ్రతిమాలి తీసికొని పోయితిమి. ఆతడు మోటారుపడవ నెన్నడును ఎక్కినవాడు కాడు. ఆసనములవైపు చూడనైన చూడక, ముణుకులమీద కూర్చుండి అడుగంతయు వ్రేళ్ల కణుపులతో తట్టుకొనుచు పోయెను. రెండుచోట్ల ఆగి మరల తట్టెను. నీటిమీద గంటసేపు తిరిగి వచ్చితిమి. అందఱమును దిగితిమి గాని ఆతడు దిగలేదు. నేల మూత ఎత్తించి, లోపలికి తన తుండుగుడ్డను జార్చి, అడుగున తుడిచి, పైకి తీసి పిండెను. నాలుగు చుక్కలు రాలినవి. గుడ్డను ముక్కుకడ పెట్టుకొని చూచెను.

"పెట్రోలు వాసన లేదు సారూ. పొద్దున వానొచ్చింది గదా, ఆ నీళ్లే" అనెను.

అప్పు డమ్మువానిని పిలిచి వెల యడిగితిమి.